ఒకే పిల్లాడిలో మూడు చిక్కులు: కుదురులేమి, ఎదురుతిరగడం, టిక్స్

నరసన్నపేటలోనో గజపతినగరంలోనో మూడో తరగతి చదువుతున్న ఒక కుర్రాడిని ఊహించుకోండి. బళ్ళో పది నిమిషాలు కూర్చోలేడు. లెక్క సగం చేసి వదిలేస్తాడు. పెన్సిల్ ఎక్కడో, పుస్తకం ఎక్కడో. ఇంట్లో ఏ పని చెప్పినా "నాను సెయ్యను" అంటాడు, గట్టిగా అంటే వస్తువులు విసిరేస్తాడు. దానికి తోడు నాలుగు నెలలుగా కళ్ళు టపటపా ఆర్పుతున్నాడు, మధ్యమధ్యలో గొంతు సవరించుకుంటున్నట్టు చప్పుడు చేస్తున్నాడు. మొదటి సంగతికి మాస్టారు తల్లిదండ్రుల్ని పిలిపిస్తారు. రెండో దానికి నాన్న చెయ్యి లేస్తుంది. మూడో దానికి కంట్లో చుక్కల మందు, దగ్గు సిరప్ వస్తాయి. అవి పనిచేయకపోతే అమ్మమ్మ దిష్టి తీసి తాయెత్తు కట్టిస్తుంది. అందరూ పిల్లాడి మేలు కోరేవాళ్ళే. కానీ ఈ మూడింటినీ ఒకచోట పెట్టి చూసినవాళ్ళు ఎవరూ ఉండరు.

పిల్లల మానసిక వైద్యంలో పరిశోధకులు చాలా ఏళ్ళుగా చూస్తున్నది ఈ కలయికనే. అవధాన లోపం, కుదురులేమి, అంటే ఏడీహెచ్‌డీ, ఉన్న పిల్లల్లో మొండిగా ఎదురుతిరిగే స్వభావం, టిక్స్ (ఆ కళ్ళు ఆర్పడం, గొంతు చప్పుడు లాంటివి) తరచుగా కలిసి వస్తాయి. మూడింటినీ కలిపి "అల్లరి" అని కొట్టిపారేస్తే పిల్లాడు నష్టపోతాడు. మూడూ మూడు వేరే జబ్బులని మూడు ఆసుపత్రుల చుట్టూ తిప్పినా నష్టపోతాడు. విడదీసి చూడాలి, ఏది ఎక్కువ చెరుపు చేస్తోందో దాన్ని ముందు పట్టుకోవాలి. కంటికి బాగా ఆనేది టిక్. చాలామంది పిల్లల్లో ఎక్కువ చెరుపు చేసేది మాత్రం అది కాదు.

ముందు ఏడీహెచ్‌డీ సంగతి. ప్రపంచవ్యాప్త అధ్యయనాలన్నీ కలిపి చూస్తే పిల్లల్లో దాదాపు 5 శాతం మందిలో ఇది ఉంటుంది. నలభై మంది ఉన్న తరగతిలో ఇద్దరన్నమాట. కుదురు లేని ప్రతి పిల్లాడికీ ఈ పేరు పెట్టకూడదు. 2013లో వచ్చిన అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ నిర్ధారణ గ్రంథం ప్రకారం లక్షణాలు పన్నెండేళ్ళ లోపే కనిపించాలి, కనీసం ఆరు నెలలు ఉండాలి, ఇల్లు, బడి లాంటి రెండు చోట్లయినా కనబడాలి, చదువుకో స్నేహాలకో అడ్డు రావాలి. ఒక్క లెక్కల మాస్టారి క్లాసులో మాత్రమే గోల చేసి మిగతా అన్ని చోట్లా బాగానే ఉండే పిల్లాడి కథ వేరు. మరో సంగతి, గెంతులు వేయని ఏడీహెచ్‌డీ కూడా ఉంది. కిటికీలోంచి చూస్తూ కూర్చుని, పిలిస్తే ఉలిక్కిపడే ఆడపిల్ల ఎవరికీ ఇబ్బంది కాదు, అందుకే ఆమెను ఎవరూ డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళరు. పదో తరగతిలో మార్కులు పడిపోయాక "మనసు పెట్టి చదవదు" అనేస్తారు.

ఇది పెంపకంలో తప్పు వల్ల వచ్చేది కాదని గట్టిగా చెప్పడానికి ఆధారాలున్నాయి. కవల పిల్లల అధ్యయనాలు ఏడీహెచ్‌డీలో వంశపారంపర్యపు వాటా సుమారు 74 శాతమని తేల్చాయి. అంటే పిల్లల మధ్య కనిపించే తేడాల్లో అంత భాగం జన్యువుల నుంచి వస్తోందని అర్థం. 2007లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు ఏడీహెచ్‌డీ ఉన్న 223 మందిని, లేని 223 మందిని ఎమ్మారై తీసి పోల్చారు. మెదడు పైపొరలో సగం భాగం పూర్తి మందానికి చేరే వయసు మామూలు పిల్లల్లో ఏడున్నర ఏళ్ళయితే, ఏడీహెచ్‌డీ పిల్లల్లో పదిన్నర. ఆలస్యం ఎక్కువగా కనిపించింది నుదుటి వెనక ఉండే, మనల్ని మనం అదుపులో పెట్టుకునే భాగంలో. కదలికలను నడిపే భాగం మాత్రం వాళ్ళలో కాస్త ముందే ఎదిగింది. ఒంటిని కదిలించేది ముందు సిద్ధమై, ఆపేది వెనకబడిన పిల్లాడిని "కదలకు" అని అరిచి ఏం లాభం?

చక్కెర తింటే పిల్లలు రెచ్చిపోతారనే నమ్మకం కూడా పరీక్షల్లో నిలవలేదు. 1994లో జరిగిన ఒక ప్రయోగంలో పిల్లలందరికీ చక్కెర లేని పానీయమే ఇచ్చారు. కానీ కొందరు తల్లులకు "చక్కెర ఇచ్చాం" అని చెప్పారు. ఆ తల్లులే తమ పిల్లలు ఎక్కువ గెంతుతున్నారని చెప్పారు.

వయసు గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. అమెరికాలో సెప్టెంబరు 1 కటాఫ్ ఉన్న రాష్ట్రాల్లో, ఆగస్టులో పుట్టి తరగతిలో అందరికంటే చిన్నవాళ్ళయిన పిల్లలకు, సెప్టెంబరులో పుట్టిన పెద్ద పిల్లలకంటే ఏడీహెచ్‌డీ నిర్ధారణ 34 శాతం ఎక్కువగా జరిగిందని 2018లో వెలువడిన అధ్యయనం చూపింది. పన్నెండు నెలల చిన్నతనాన్నే కొన్నిసార్లు జబ్బుగా లెక్కగట్టారన్నమాట. మన పల్లెల్లో తొందరపడి బళ్ళో వేసి, దానికి సరిపోయేలా వయసు ఎక్కువ చూపించి పుట్టిన తేదీ రాయించే ఇళ్ళు ఉన్నాయి. డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు బడి రికార్డులోది కాదు, అసలు పుట్టిన తేదీ చెప్పండి.

ఇక టిక్స్. కళ్ళు ఆర్పడం, ముక్కు ఎగబీల్చడం, మెడ విదిలించడం, భుజం ఎగరేయడం, గొంతులో చప్పుడు చేయడం, ఇలా ఒకే కదలికో శబ్దమో ఉన్నట్టుండి, వేగంగా, పదేపదే వస్తుంది. కొద్దిపాటి టిక్స్ బడి పిల్లల్లో మామూలే, చాలామందిలో ఏడాది లోపే పోతాయి. ఒకటి కంటే ఎక్కువ కదలిక టిక్స్, కనీసం ఒక శబ్దపు టిక్, పద్దెనిమిదేళ్ళ లోపు మొదలై ఏడాదికి పైగా ఉంటే దాన్ని టూరెట్ సిండ్రోమ్ అంటారు. 1885లో ఫ్రెంచ్ వైద్యుడు జార్జ్ జిల్ డ లా టూరెట్ తొమ్మిది మంది రోగుల గురించి రాసిన వ్యాసం నుంచి ఆ పేరు వచ్చింది. ఈ జబ్బు ఉన్నవాళ్ళు బూతులు మాట్లాడతారని సినిమాల వల్ల ఒక ముద్ర పడింది. నిజానికి ఆ లక్షణం పదిమందిలో ఒకరిద్దరికి మించి ఉండదు.

టిక్స్ గురించి పెద్దలు తెలుసుకోవాల్సిన ముఖ్యమైన విషయం వాటి నడక. సాధారణంగా నాలుగు నుంచి ఆరేళ్ళ మధ్య మొదలవుతాయి, పది పన్నెండేళ్ళప్పుడు తీవ్రమవుతాయి, తర్వాత తగ్గుముఖం పడతాయి. 1998లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 36 మంది పిల్లల టిక్స్ చరిత్రను పరిశీలిస్తే, పద్దెనిమిదేళ్ళు వచ్చేసరికి దాదాపు సగం మందికి టిక్స్ లేనట్టే అయ్యాయి. ఈ పెద్ద ఎత్తుపల్లం లోపల చిన్న ఎత్తుపల్లాలూ ఉంటాయి. కొన్ని వారాలు ఎక్కువ, కొన్ని వారాలు తక్కువ. కన్ను ఆర్పడం పోయి మెడ విదిలించడం వస్తుంది. పరీక్షలు, భయం, అలసట, సంతోషం కూడా పెంచుతాయి. కాసేపు బలవంతాన ఆపుకోగలరు, అందుకే మాస్టారి ముందు ఆపుకున్న పిల్లాడు ఇంటికి రాగానే ఎక్కువ చేస్తాడు. "అక్కడ ఆపగలిగినోడు ఇక్కడెందుకు ఆపలేడు, కావాలనే సేస్తన్నాడు" అనే మాట ఇక్కడే పుడుతుంది. తుమ్ము వచ్చేముందు ముక్కులో పుట్టే ఒత్తిడి లాంటిది టిక్ ముందు వాళ్ళ ఒంట్లో పుడుతుంది. ఎంతసేపని ఆపుతారు?

టిక్ అనుకున్నది ప్రతిదీ టిక్ కాదు. మన ప్రాంతంలో రుమాటిక్ జ్వరం, అంటే గొంతు ఇన్ఫెక్షన్ తర్వాత వచ్చి కీళ్ళకూ గుండెకూ చేటు చేసే జబ్బు, ఇంకా పూర్తిగా పోలేదు. గొంతులో స్ట్రెప్టోకాకస్ ఇన్ఫెక్షన్ వచ్చి తగ్గిన కొన్ని వారాలకో నెలలకో ఈ జ్వరంలో భాగంగా కొందరు పిల్లలకు సిడెన్‌హామ్ కొరియా అనే స్థితి వస్తుంది. అందులో కదలిక ఒకే తీరున పదేపదే రాదు. చేతులు, ముఖం, కాళ్ళు అటూ ఇటూ మెలికలు తిరుగుతుంటాయి. చేతిలో గ్లాసు జారిపోతుంది, చేతిరాత ఉన్నట్టుండి పాడవుతుంది, పిల్లాడు కారణం లేకుండా ఏడుస్తాడు. బళ్ళో "కుదురుగా ఉండట్లేదు" అని తిట్లు తింటాడు. ఇది ఆలస్యం చేయకూడనిది. దాంతో పాటు గుండె కవాటాలు దెబ్బతింటూ ఉండవచ్చు కాబట్టి గుండె పరీక్ష చేయించాలి, మళ్ళీ రుమాటిక్ జ్వరం రాకుండా ఏళ్ళ తరబడి పెన్సిలిన్ వేయించాలి.

ఇప్పుడు కలయిక లెక్కలు చూద్దాం. ఏడీహెచ్‌డీ పరిశోధనలో చాలా పేరున్నది మందునూ ప్రవర్తనా చికిత్సనూ పోల్చిన ఎంటీఏ అధ్యయనం. ఏడు నుంచి తొమ్మిదేళ్ళ వయసున్న 579 మంది పిల్లల మీద జరిగింది, ఫలితాలు 1999లో వచ్చాయి. చేరేటప్పుడు వాళ్ళలో ఏడీహెచ్‌డీ ఒక్కటే ఉన్నవాళ్ళు మూడో వంతుకు కాస్త తక్కువ. ఎదురుతిరిగే రుగ్మత, అంటే ఓడీడీ, ఉన్నవాళ్ళు దాదాపు 40 శాతం. అంతకంటే తీవ్రమైన ప్రవర్తనా సమస్య, అంటే దొంగతనం, ఇతరులకు హాని చేయడం లాంటివి, 14 శాతం మందిలో. ఆందోళన రుగ్మతలు సుమారు మూడో వంతు మందిలో. టిక్స్ 11 శాతం మందిలో. ఒక్క పిల్లాడిలోనే రెండు మూడు ఉండవచ్చు కనుక ఈ అంకెలను కూడకూడదు.

దీన్నే టూరెట్ వైపు నుంచి చూడండి. 1374 మంది టూరెట్ రోగులను పరిశీలించిన 2015 నాటి అధ్యయనంలో 85.7 శాతం మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు మరో మానసిక రుగ్మత ఉంది. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ళే సగానికి పైగా. అంటే ఏడీహెచ్‌డీ ఉన్న పదిమందిలో ఒకరికి టిక్స్ ఉంటే, టూరెట్ ఉన్న పదిమందిలో ఐదారుగురికి ఏడీహెచ్‌డీ ఉంది. ఈ రెండు వాక్యాలకూ తేడా తెలియక చాలామంది గాభరా పడతారు. టిక్స్ తీవ్రంగా ఉన్న పిల్లాడి చదువు, ధ్యాస సంగతి తప్పకుండా ఆరా తీయాలి. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లాడికి టిక్స్ వచ్చితీరతాయని మాత్రం భయపడక్కరలేదు. రెండూ కలిసి రావడానికి ఒక కారణం, మెదడు లోతుల్లోని బేసల్ గాంగ్లియాకూ పైపొరకూ మధ్య తిరిగే వలయాలు. ఏ కదలికను వదలాలో ఏది ఆపాలో, ఏ ఆలోచనను పట్టుకోవాలో ఏది పక్కన పెట్టాలో తేల్చడంలో ఈ వలయాలది పెద్ద పాత్ర.

మరి కోపం, మొండితనం? టిక్స్ వల్ల చిరాకు పడి పిల్లాడు అలా తయారయ్యాడని చాలామంది అనుకుంటారు. 2003లో యేల్ పరిశోధకులు టూరెట్ పిల్లలను రెండు జట్లుగా విడదీసి చూశారు. టూరెట్ ఒక్కటే ఉన్న పిల్లలు దుడుకుతనంలో మామూలు పిల్లలకంటే తేడాగా లేరు. తేడా అంతా టూరెట్‌తో పాటు ఏడీహెచ్‌డీ కూడా ఉన్నవాళ్ళలోనే. నాకు ఈ మొత్తం పరిశోధనలో అన్నిటికంటే విలువైనది ఇదే అనిపిస్తుంది. ఎందుకంటే ఇంట్లో గొడవకు మూలం కళ్ళు ఆర్పడం కాదని, తొందరపాటును ఆపుకోలేకపోవడమని ఇది చెబుతోంది.

ఆ తొందరపాటు ఎదురుతిరగడంగా ఎలా మారుతుందో అమెరికా మనస్తత్వవేత్త జెరాల్డ్ ప్యాటర్సన్ ఇళ్ళల్లో కూర్చుని గమనించి చెప్పాడు. అమ్మ ఒక పని చెబుతుంది. పిల్లాడు వినడు. గొంతు పెంచుతుంది. వాడు ఏడుస్తాడు, అరుస్తాడు. విసిగిపోయి వదిలేస్తుంది. అరిస్తే పని తప్పుతుందని వాడికి ఒంటబడుతుంది. మర్నాడు ఆమె కొడుతుంది, వాడు అప్పటికి లొంగుతాడు. కొడితేనే వింటాడని ఆమెకు ఒంటబడుతుంది. రోజూ ఇద్దరూ ఒకరికొకరు ఇదే నేర్పుకుంటూ పోతారు. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లాడు చెప్పిన మాట మధ్యలోనే మరచిపోతాడు కనుక ఈ చుట్టు రోజుకు ఎన్నిసార్లు తిరుగుతుందో లెక్క ఉండదు. శ్రీకాకుళం తీరపు ఊళ్ళ నుంచి తండ్రులు గుజరాత్‌లోని వెరావల్‌కు వేటకు పోతారు. లోపలి మండలాల నుంచి భార్యాభర్తలిద్దరూ హైదరాబాదు, విశాఖ, చెన్నైలకు పనికి పోతారు. పిల్లల్ని చూసేది తాతా అమ్మమ్మలు. ఒకరు గారం చేస్తారు, పండక్కి వచ్చిన తండ్రి ఏడాది బాకీ అంతా ఆ వారంలో తీర్చినట్టు దండిస్తాడు. నియమం మనిషికొక రకంగా మారితే ఏ పిల్లాడికైనా కష్టమే, ఈ పిల్లాడికి మరీ కష్టం. బళ్ళో కొట్టడం 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం నిషేధం. అయినా "నాలుగు తగిలించండి మాస్టారూ" అని చెప్పి వచ్చే తల్లిదండ్రులు మనలో ఉన్నారు. ఆ నాలుగు దెబ్బలు నుదుటి వెనక ఎదగని భాగాన్ని ఎదిగించవు.

ఇక మందుల మీద ఉన్న పెద్ద తగాదా. ఏడీహెచ్‌డీకి ఎక్కువగా వాడే మిథైల్‌ఫెనిడేట్ టిక్స్ తెప్పిస్తుందని దశాబ్దాల పాటు నమ్మారు. అమెరికాలో ఆ మందు కాగితం మీదే టిక్స్ ఉన్నవాళ్ళకు ఇవ్వవద్దని రాశారు. నమ్మకం పుట్టడానికి కారణం వయసుల కూడిక. ఏడీహెచ్‌డీ బయటపడి ఏడేళ్ళకు మందు మొదలుపెడతారు. సరిగ్గా ఆ వయసులోనే టిక్స్ వాటంతట అవే పెరుగుతుంటాయి. ముందు మందు, తర్వాత టిక్. నేరం మందు మీద పడింది. తాయెత్తు సంగతి దీనికి తిరగేసిన కథ. టిక్ బాగా ముదిరిన వారంలోనే ఎవరైనా ఏదైనా కట్టిస్తారు. తర్వాతి వారాల్లో అది ఎలాగూ తగ్గుతుంది, కీర్తి తాయెత్తుకు దక్కుతుంది. మూడు నెలలకు టిక్ మళ్ళీ పెరిగినప్పుడు కట్టు సరిగా కట్టలేదంటారు.

ఈ ముడిని విప్పడానికి పోలిక జట్టు ఉండాలి. 2002లో అమెరికాలో టిక్స్, ఏడీహెచ్‌డీ రెండూ ఉన్న 136 మంది పిల్లల్ని నాలుగు జట్లు చేసి పదహారు వారాలు చూశారు. ఒక జట్టుకు మిథైల్‌ఫెనిడేట్, ఒకదానికి క్లోనిడిన్ అనే మరో మందు, ఒకదానికి రెండూ, ఒకదానికి మందు లేని ఉత్త మాత్ర. టిక్స్ పెరిగాయన్న ఫిర్యాదు మిథైల్‌ఫెనిడేట్ జట్టులో 20 శాతం, క్లోనిడిన్ జట్టులో 26 శాతం, ఉత్త మాత్ర జట్టులో 22 శాతం. ఉత్త మాత్ర మింగినవాళ్ళకూ అంతే పెరిగాయన్నమాట. ధ్యాస మాత్రం మందులు వేసిన జట్లలో మెరుగుపడింది, రెండూ కలిపి ఇచ్చిన జట్టులో అందరికంటే ఎక్కువ. 2015లో 22 ప్రయోగాల్లోని 2385 మంది పిల్లల వివరాలు కలిపి లెక్కిస్తే కొత్తగా టిక్స్ వచ్చినవాళ్ళు, ఉన్నవి పెరిగినవాళ్ళు మిథైల్‌ఫెనిడేట్ లాంటి స్టిమ్యులెంట్ మందు వేసుకున్నవాళ్ళలో 5.7 శాతం, ఉత్త మాత్ర వేసుకున్నవాళ్ళలో 6.5 శాతం. ఏ ఒక్క పిల్లాడికీ పెరగదని దీని అర్థం కాదు. టిక్ ఉందన్న ఒక్క భయంతో చదువు పాడవుతున్న పిల్లాడికి మందు ఆపేయక్కరలేదని అర్థం. మిథైల్‌ఫెనిడేట్ మన దేశంలో మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టం కింద అదుపులో ఉన్న మందు, ప్రతి మెడికల్ షాపులో దొరకదు. దొరకని చోట డాక్టర్లు అటోమాక్సిటిన్ లాంటివి రాస్తారు.

క్లోనిడిన్ గురించి ఉద్దానం వైపు వాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. ఇది పాత బీపీ మందు. కిడ్నీ జబ్బుతో బీపీ అదుపు కానివాళ్ళకూ రాస్తుంటారు. కవిటి, సోంపేట, పలాస మండలాల్లో కిడ్నీ రోగి ఉన్న ఇంట్లో బీపీ మాత్రల డబ్బా చేతికందే చోటే ఉంటుంది. అదే మందు టిక్స్‌కు కూడా పనిచేస్తుందని ఎక్కడో విని పెద్దల మాత్ర పిల్లాడికి సగం విరిచి వేయడం ప్రాణాపాయం. పిల్లల మోతాదు చాలా చిన్నది. ఎక్కువైతే మత్తు కమ్ముతుంది, గుండె వేగం పడిపోతుంది, ఊపిరి మందగిస్తుంది. డాక్టరు రాస్తే వాడుతున్న పిల్లాడికి కూడా ఒక్కసారిగా ఆపకూడదు, బీపీ ఎగబాకుతుంది.

మందు లేని వైద్యమూ ఉంది. టిక్ వచ్చేముందు పుట్టే ఒత్తిడిని పిల్లాడు గుర్తుపట్టి, ఆ క్షణంలో టిక్‌కు అడ్డుపడే మరో కదలిక చేయడం నేర్పుతారు. మెడ విదిలించే పిల్లాడికి గడ్డం కాస్త కిందికి దించి మెడ బిగపట్టడం నేర్పినట్టు. 2010లో 126 మంది పిల్లల మీద పది వారాలు దీన్ని పరీక్షిస్తే 52.5 శాతం మంది బాగా మెరుగుపడ్డారు, మాటల ఓదార్పు, వివరణ మాత్రమే అందుకున్న జట్టులో 18.5 శాతం. ఎదురుతిరగడానికి ముఖ్య చికిత్స తల్లిదండ్రులకు ఇచ్చే శిక్షణ. ఒక్కసారి, దగ్గరకు వెళ్ళి, ఒకే పని చెప్పడం. చేసిన వెంటనే మెచ్చుకోవడం. చిన్న తప్పుల్ని చూసీ చూడనట్టు వదలడం. పెద్ద తప్పుకు ముందే చెప్పిన చిన్న శిక్షను, ఇంట్లో అందరూ ఒకేలా, కోపం లేకుండా అమలు చేయడం. ఆరేళ్ళ లోపు పిల్లలకు మందు కంటే ముందు ఈ శిక్షణే ఇవ్వాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2019 మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఎంటీఏ అధ్యయనంలో పద్నాలుగు నెలలకు శ్రద్ధగా మోతాదు సరిచూస్తూ మందు ఇచ్చిన జట్లు ధ్యాస విషయంలో ముందున్నాయి. ఆందోళన కూడా ఉన్న పిల్లలకు మాత్రం ప్రవర్తనా చికిత్స మందుకు దీటుగా పనిచేసింది. మూడేళ్ళు తిరిగేసరికి జట్ల మధ్య తేడాలు చెరిగిపోయాయి. మందు వృథా అని కొందరు దీన్ని వాడుకుంటారు. నేను చదివింది వేరే. పద్నాలుగు నెలల తర్వాత ఆ నెలనెలా చూసే పద్ధతి ఆగిపోయింది, ఎవరి దారిన వాళ్ళు వైద్యం చేయించుకున్నారు. వదిలేస్తే నిలిచే ఫలితం కాదిది.

మన దగ్గర ఎక్కడికి వెళ్ళాలి? 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా పిల్లల్లో పరీక్షించాల్సిన ముప్పై స్థితుల్లో ఏడీహెచ్‌డీ ఉంది. అంగన్‌వాడీకీ ప్రభుత్వ బడికీ వచ్చే ఆ బృందానికి పిల్లాడిని చూపించమని మాస్టారిని అడగవచ్చు. శ్రీకాకుళంలో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉంది, విజయనగరంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. అక్కడ పిల్లల విభాగం, మానసిక విభాగం రెండింటికీ చూపించండి. ఇంకా పెద్ద చోటు కావాలంటే విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

వెళ్ళేముందు నాలుగు పనులు. టిక్ వస్తున్నప్పుడు ఫోన్లో ఒక చిన్న వీడియో తీయండి, ఎందుకంటే డాక్టరు ముందు పిల్లాడు ఆపుకుంటాడు. క్లాసులో ఎలా ఉంటాడో మాస్టారి చేత ఒక కాగితం మీద రాయించండి. ఏది ఏ వయసులో మొదలైందో ఇంట్లో అందర్నీ అడిగి రాసుకోండి, తండ్రికో మేనమామకో చిన్నప్పుడు ఇలా ఉండేదా అన్నది కూడా. చూపు, వినికిడి, రక్తహీనత పరీక్షలు ముందే చేయిస్తే మేలు, సరిగా వినబడని పిల్లాడు, రక్తం తక్కువైన పిల్లాడు కూడా ధ్యాస లేనట్టే కనబడతారు. మాట్లాడుతూ పది సెకన్లు శూన్యంలోకి చూస్తూ ఉండిపోయి, మళ్ళీ ఏమీ జరగనట్టు కొనసాగిస్తుంటే అది ఒక రకం మూర్ఛ కావచ్చు, ఈఈజీ అనే మెదడు పరీక్ష తీయించాలి. మందు మొదలుపెట్టాక ఆకలి, నిద్ర గమనించండి. ఎత్తు, బరువు, బీపీ ఆరు నెలలకొకసారైనా చూపించి నోటుబుక్కులో తేదీతో రాయించుకోండి, డాక్టరు మారినా ఆ పుస్తకం పిల్లాడితోనే ఉంటుంది.